మిరుగుకు ముందే ఇంట్లో నారు

మే నెల అనగానే మనకు ఆవకాయ, వడియాలు, పిల్లల సెలవులు గుర్తుకొస్తాయి. కూరగాయల నారు మాత్రం మిరుగు చినుకులు పడ్డాక గానీ ఎవరికీ గుర్తు రాదు. అప్పుడు గింజ చల్లితే పచ్చిమిరపకాయ కోసేది ఏ దసరాకో. అదే మే నడుమన ఇంట్లో నారు పోసుకుంటే ఒక నెల ముందే చెట్టు చేతికొస్తుంది. ఒక నెల కూర ఖర్చు ఎంతో సంచి పట్టుకుని అంగడికి పోయే మనకే తెలుసు.

చలిదేశాల ఆడవాళ్లు మార్చిలో కిటికీ పక్కన నారు పెంచుతారట. బయట మంచుకు మొలక చస్తుందని వాళ్ల భయం. మనది దానికి ఎదురు భయం. రోహిణి కార్తెలో మన సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. టమాటా గింజకు 25 నుంచి 30 డిగ్రీలు హాయి. 35 దాటిందా, మొలక మందగిస్తుంది. మొలిచినా, లేత కాడ కాలిన మట్టికి తగిలి మాడిపోతుంది. అందుకే నారును నీడపట్టున దాచుకోవాలి. రెండు గదుల అద్దె ఇల్లయినా సరే, తూర్పు కిటికీ ఒకటి ఉంటే చాలు.

అన్ని గింజలూ ఒకే రోజు పోయకండి. మిరప నారు నాటు వేయడానికి 40 రోజులు పడుతుంది, వంగకు 30 నుంచి 35, టమాటాకు 25 చాలు. ఆరుద్ర కార్తె వచ్చాక, అంటే జూన్ చివర నాటాలనుకుంటే మిరప మే నడుమన, వంగ ఆ తర్వాత వారం పది రోజులకు, టమాటా జూన్ మొదట్లో పోయాలి. టమాటా ముందే పోస్తే బారుగా సాగి, నాటేనాటికి వంగిపోతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మట్టి, నీళ్లు, కుండీ. వేరే ఊళ్లలో ఈ మూడింటి గురించి ఇంత చెప్పనక్కర లేదు. మనం ఉన్నది ఫ్యాక్టరీల నడుమ కాబట్టి చెప్పాలి.

మా వీధిలో ఒక కోడలు నిరుడు పాతసామాన్ల దుకాణంలో నీలం డ్రమ్ము చవకగా కొని, సగానికి కోయించి నారుమడి చేయబోయింది. "కడిగి ఎండబెట్టిన అక్కా, ఇంకేమైతది?" అంది. "ఏం పోసిన డ్రమ్మో ఎరుకనా చెల్లె?" అన్నాను. ఎరుక లేదు. అమ్మినవాడికీ ఎరుక లేదు. మందుల ఫ్యాక్టరీలో వాడిన రసాయనం ప్లాస్టిక్‌లోకి ఇంకితే మనం పీచుతో తోమితే పోదు. అందులో పెరిగిన మొక్క ఎండిపోతే ఒక పీడ విరగడయింది అనుకోవచ్చు. ఎండిపోకుండా కాస్తేనే భయం, ఆ కాయ తినేది పిల్లలు కదా! ఆ డ్రమ్ముల్లో నీళ్లు కూడా నిలవ చేయకండి. నారుకు డ్రమ్మెందుకు? పెరుగు డబ్బాలు, టీ తాగే కాగితపు కప్పులు, కొబ్బరి చిప్పలు ఇంట్లోనే ఉన్నాయి. అడుగున రెండు మూడు కన్నాలు పెడితే సరి.

మట్టి కూడా అంతే. వాగు ఒండ్రు మంచి ఎరువని మన పెద్దవాళ్లు అనేవారు. ఆ మాట వాళ్ల కాలపు వాగుకు చెల్లింది. నక్కవాగు సంగతి వేరు. ఈ ప్రాంతపు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ప్రచురించారు. జ్వరానికి డాక్టరు రాసే సిప్రోఫ్లాక్సాసిన్ ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. అది పాత లెక్కే కావచ్చు, కానీ బురదలో ఇంకింది తొందరగా వదలదు. కనుక వాగు మట్టి, వాగు నీళ్లు ఇంటికి తేకండి. దూరపు చెలక నుంచి ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు లేక వానపాముల ఎరువు ఒక పాలు, ఇసుకో కొబ్బరి పొట్టో ఒక పాలు. నల్లరేగడి వద్దు. తడిస్తే బంక, ఆరితే రాయి, లేత వేరు అందులో ఊపిరాడక ఉక్కిరిబిక్కిరవుతుంది.

ఈ మట్టిని కాస్త తడిపి, లోపలి మట్టి కనపడే పారదర్శక ప్లాస్టిక్ సంచుల్లో పలుచగా నింపి, మూతి కట్టి, మేడ మీద పది పదిహేను రోజులు ఎండలో పడేయండి. మనల్ని ఏడిపించే ఎండే ఆ మట్టిలోని తెగులు బూజును చంపుతుంది. పైసా ఖర్చు లేదు.

నీళ్లంటారా, మంజీరా నీళ్లు వచ్చిన రోజు ఒక బకెట్ పట్టి, రాత్రంతా మూత తీసి ఉంచి వాడండి. బోరు నీళ్లు పోస్తే కుండీ అంచున తెల్లటి పొర కడుతోందా? అవి ఉప్పు నీళ్లన్న మాట, నారుకు పనికి రావు.

గింజ కొనేటప్పుడు ప్యాకెట్ మీద తేదీ చూడండి. ఎరుపో నీలమో రంగు వేసిన గింజ అయితే దానికి మందు పట్టించారన్న మాట. చేతులు కడుక్కోండి, పిల్లలకు దూరంగా పెట్టండి. ఇంటి గింజ దాచుకుందామంటే భాగ్యమతి వంగ, పూసా రూబీ టమాటా వంటి సూటి రకాలు తీసుకోండి. హైబ్రిడ్ కాయలోని గింజ తల్లిలాగా కాయదు.

అర సెంటీమీటరు లోతున గింజ వేసి, పైన తడిగుడ్డ కప్పండి. టమాటా వారంలో, వంగ పది రోజుల్లో తల ఎత్తుతాయి. మిరపకు ఇంకొంచెం ఓపిక కావాలి. మొలక కనపడిన పూటే గుడ్డ తీసేయాలి. ఇక అప్పటి నుంచి వెలుతురు కావాలి. కాడలు పాలిపోయి కిటికీ వైపు సాగుతున్నాయంటే వెలుతురు చాలడం లేదని అర్థం. కప్పులను రోజూ తిప్పి పెట్టండి.

నీళ్లు పొద్దున్నే పోయాలి, సాయంత్రం కాదు. రాత్రంతా మట్టి తడిగా ఉంటే నారు కుళ్లు తగులుతుంది. మొదలు దగ్గర కాడ దారంలా సన్నబడి, నిన్న నిలబడ్డ మొక్క ఈ రోజు పడుకుంటుంది. పడినదాన్ని ఏ మందూ లేపలేదు. దాన్ని మట్టితో సహా తీసేసి, మిగతా వాటిని ఎడంగా చేసి, ఒక రోజు నీళ్లు ఆపండి. మనవాళ్లు ప్రేమకొద్దీ పోసే నీళ్లతో చచ్చే నారే ఎక్కువ!

ఆకుముడత తెచ్చే తెల్లదోమ సంగతి మరొకటి. దోమతెర కప్పామని నిశ్చింతగా ఉండకండి. ఆ కన్నాల్లోంచి అది సులువుగా దూరుతుంది. పలుచని పాత నూలు వోణీ కప్పితే మేలు.

బెండ, గోరుచిక్కుడు, బీర, సొర - వీటికి నారు పోయనక్కర లేదు. వేరు కదిలితే అలుగుతాయి. బెండ గింజలు రాత్రి నానేసి, వాన పడ్డాక నేరుగా కుండీలోనే గుచ్చండి.

నాటడానికి వారం ముందు నుంచి కప్పులను బయట పెట్టడం అలవాటు చేయండి. మొదటి రోజు పొద్దుటి ఎండలో ఒక గంట, మర్నాడు రెండు గంటలు, అలా పెంచుకుంటూ పోవాలి. మబ్బు పట్టిన సాయంత్రం చూసి, కప్పు కోసి, మట్టి గడ్డ విడిపోకుండా దించండి. టమాటాను కాడ మొదటి ఆకుల దాకా పూడ్చవచ్చు, అక్కడా వేళ్లు వేస్తుంది. వంగ, మిరపలను మాత్రం కప్పులో ఎంత లోతున ఉన్నాయో అంతే లోతున పెట్టి, చుట్టూ మట్టి నొక్కి, ఒక చెంబెడు నీళ్లు పోయండి.