వైద్యుని ముందు మన మాట

(హోసూరు ప్రాంతపు తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



బడిలో తెలుగు నిలవాలని మనం ఎన్నో సభలు జరుపుకున్నాం. ఆసుపత్రిలో తెలుగు గురించి మాత్రం ఆలోచించింది తక్కువ.

మా ఊరి పెద్దమ్మ ఒకరు వైద్యుని వద్ద “కళ్ళు తిరుగుతున్నాయి” అన్నారు. వెంట వెళ్ళిన పదేళ్ళ మనుమడు ఆ మాటను ఉన్నదున్నట్టు తమిళంలో పెట్టాడు. తమిళులు ఈ బాధను కళ్ళకు కాక తలకు చెప్పుకుంటారు, తల సుత్తుతోంది అంటారు. వైద్యుడు మరో ప్రశ్న అడగకుండా కంటి పరీక్షకు చీటీ రాశాడు. ఆమెకున్నది అధిక రక్తపోటని నెల గడిచాక తెలిసింది. స్త్రీ సంబంధమైన బాధ కూడా ఆమెకు ఉండేది. మనుమని నోట ఆ మాట ఎలా పలికించగలదు? దాచుకుంది.

ఇది భాష తెలియని లోటు మాత్రమే కాదు, వినే ఓపిక లేని లోటు కూడా. రోగి చెప్పుకోవడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే వైద్యుడు అడ్డు తగులుతున్నాడని 1984లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలన తేల్చింది. అక్కడ ఇద్దరిదీ ఒకే భాష అయినా అంతే. రెండు భాషల నడుమ మన గతి ఏమిటి?

చట్టం ఏమంటున్నది? వైద్యుడు మీ భాషలోనే మాట్లాడాలని చెప్పే అధికరణం రాజ్యాంగంలో లేదు. లేనిదాన్ని ఉందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. ఉన్నవి చెబుతాను. అత్యవసర వైద్యం అందించకపోవడం 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమేనని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. తగిన సమాచారం ఇచ్చి పొందిన సమ్మతే సమ్మతి అని 2008లో చెప్పింది. అర్థం కాని భాషలోని కాగితంపై వేసిన వేలిముద్ర సమ్మతి ఎట్లా అవుతుంది? అడిగిన 72 గంటలలోగా వైద్య పత్రాలు ఇవ్వాలని 2002 నాటి వైద్యవృత్తి నియమాలు చెబుతున్నాయి. ఫిర్యాదు చేయవలసి వస్తే, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చే హక్కు 350వ అధికరణం ఇచ్చింది. తెలుగులోనే రాయండి.

ఇక వైద్యుణ్ణి ఎంచుకోవడం. తెలుగు వచ్చి కూడా తల ఎత్తని వైద్యుని కన్నా, తెలుగు రాకున్నా పూర్తిగా వినే వైద్యుడు మేలు. మీరు చెప్పింది ముగియనిచ్చాడా? తనకు అర్థమైనదాన్ని తిరిగి చెప్పి సరిచూసుకున్నాడా? మందు ఎప్పుడు, ఎన్నాళ్ళు వేసుకోవాలో వివరించాడా? ఈ మూడింటినీ మొదటిరోజే గమనించండి. అటువంటి వైద్యుడు దొరికితే ఇరుగుపొరుగుకు చెప్పండి.

మన వంతు కూడా ఉంది. బాధ ఎన్నడు మొదలైందో, ఏ మందులు వాడుతున్నారో కాగితంపై రాసుకుని వెళ్ళండి. పసిపిల్లలను దుబాసీలుగా తీసుకువెళ్ళకండి. స్త్రీకి తోడుగా రెండు భాషలు తెలిసిన మరో స్త్రీ వెళ్ళాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెలుగు తెలిసిన నర్సు ఒకరుండాలని, మందుల సూచనలు తెలుగులోనూ ఉండాలని ఊరూరా అర్జీలు పెడదాం. ఇది ఎవరి భాషకూ వ్యతిరేకం కాదు. తమిళం మనకు పొరుగింటి భాష, పిల్లలు దానిని చక్కగా నేర్వాలి. కాని నొప్పి తల్లిభాషలోనే పలుకుతుంది. ఆ పలుకు వినేవారు ఉండాలని కోరడం మన న్యాయమైన హక్కు.

సెలవు.