ఓడ జాబితాలో తండ్రి పేరు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల సంగతి అందరికీ తెలుసు. అంతకు వందేళ్ల ముందే మనవాళ్లు మద్రాసు రేవులో ఓడ ఎక్కి, దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు ఐదేళ్ల ఒప్పందం మీద కూలికి పోయారు. మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. 1911లో ఈ పద్ధతి ఆగేదాకా 384 ప్రయాణాల్లో 1,52,184 మంది వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసులో ఎక్కినవాళ్లే. డర్బన్‌లో నేటికీ దర్గా ఉన్న బాద్షా పీర్ కూడా ట్రూరోలోనే కూలీగా వచ్చారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఆ ఓడల జాబితాలు ఇంకా ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది గుర్తులు రాశారు.

వెతికేవాళ్లకు రెండు మాటలు. చిత్తూరు జిల్లా అని వెతికితే దొరకదు. ఆ జిల్లా ఏర్పడింది 1911లో. అంతవరకు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. మదనపల్లె, వాయల్పాడు కడపలో ఉండేవి. కాబట్టి తిరుపతివాళ్లు ఉత్తర ఆర్కాటు జిల్లా, చంద్రగిరి తాలూకా కింద చూడాలి.

రెండోది పేర్లు. గుమాస్తా తన చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఖాదర్ కాదర్ కావచ్చు, ఫాతిమా పాతిమ కావచ్చు. షేక్, సయ్యద్ అన్న మాట పట్టుకుని ఇల్లు కనుక్కోలేం. పేరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలిస్తేనే మనవాడు అనాలి. తొందరపడితే ఇంకొకరి తాతను మన తాత అనుకుంటాం.

ఇక మన వంతు. ఓడ జాబితా మనిషిని ఊరి పొలిమేర దాకా తెచ్చి ఆగిపోతుంది. ఆ తండ్రి ఎవరి కొడుకు, అన్నదమ్ములెవరు, ఇల్లు ఏ వీధి అన్నవి మసీదు నికా పుస్తకాల్లో, ఖబరస్తాన్ రాళ్లమీద, ముసలివాళ్ల నోట ఉన్నాయి. పుస్తకాలకు చెద పడుతోంది. ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

మన సంఘం పేదపిల్లల ఫీజులకు, దిక్కులేని జనాజాలకు సాయం చేస్తోంది. పెద్దగా ఖర్చు లేని ఈ పని కూడా అందులో చేర్చాలని మా మనవి. ప్రతి జమాత్‌లో చదువుకున్న పిల్లలిద్దరు పాత పుస్తకాల్లో ఒక్క పేజీ వదలకుండా సెల్‌ఫోన్‌తో ఫొటో తీయాలి. ఒక నకలు ముతవల్లీ దగ్గర, ఒకటి సంఘం దగ్గర ఉండాలి. సముద్రం దాటిపోయి తిరిగి రాలేదని పెద్దవాళ్లు ఎవరిని గురించి చెప్పినా, ఆ పేరు రాసుకోవాలి. ఆ పుస్తకాలు మన దగ్గరున్న అమానత్.

రేపు డర్బన్ నుంచి ఎవరైనా ఊరు వెతుక్కుంటూ వస్తే, ఆస్తిలో వాటా కోసం వచ్చారేమోనని తలుపు వేయకండి. ముత్తాత ఊళ్లో నిలబడి ఫాతిహా చదువుకోవాలనే ఎక్కువమంది వస్తారు. తెగిన బంధుత్వం కలపడం సవాబు పని.

ఐదేళ్లలో తిరిగొస్తామని వెళ్లి పరాయి మట్టిలో కలిసిన వాళ్లందరికీ అల్లాహ్ మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.