పెట్టెపై పేరులేని పరిశ్రమ

(నారాయణగూడలో అట్టపెట్టెల తయారీదారుల సమావేశమున నొసంగిన యుపన్యాసము)



ఒక కుటుంబము చేతిలో పెట్టెల పరిశ్రమ యెట్లు పెరుగునో చెప్పుమని మీరు నన్నాజ్ఞాపించితిరి. నేను పెట్టెలు చేసినవాడను గాను; చేసినవారి లెక్కల పుస్తకములు చూచినవాడను. కావున యంత్రముల విషయమున నేదైన పొరపాటు దొర్లినచో మీరు సవరింపుడు. లెక్కల విషయమున మాత్రము నా మాట కొంచెము వినుడు.

మీ వృత్తి విచిత్రమైనది. కొనువాడు సరకు పేరెరుగును, అంగడివాని పేరెరుగును. పెట్టె చేసినవాని పేరెరుగడు. విప్పిన మరుక్షణమున చెత్తకుండి పాలగు వస్తువే మీ జీవనాధారము. అయినను అది లేక సరకు గడప దాటదు. మన నగరమునందే చూడుడు. అంబరుపేటలోని జిందా తిలిస్మాత్ మందును హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ గారు 1920లో ప్రారంభించిరి. నిజాము కొలువులోని సిద్దీ యోధుని బొమ్మను దానిపై నుంచిరి. అక్షరము రాని ముసలమ్మ సైతము ఆ బొమ్మను జూచి సీసా నడిగి పుచ్చుకొనెడిది. చిక్కడపల్లికి సమీపముననున్న అజామాబాదులో సిగరెట్లు చేయు వజీర్ సుల్తాన్ సంస్థ 1930లో కంపెనీగా నమోదైనది. పొగాకును నేను మెచ్చువాడను గాను గాని, చార్మినారు బొమ్మ నొక చిన్న పెట్టెపై దూరదేశములకు మోసికొనిపోయిన ఘనత దానికి దక్కవలసినదే.

ఇక కుటుంబ పరిశ్రమ మాట. 1962లో పరుచూరి హనుమంతరావుగారు ఈ నగరమున ప్రగతి ముద్రణాలయమును స్థాపించిరి. ఆయన వ్యాపార కుటుంబమునుండి వచ్చినవారు గారు. కమ్యూనిస్టు ఉద్యమమునందు పనిచేసి, విశాలాంధ్ర ముద్రణాలయమున ఆ విద్య నెరిగినవారు. ఆయన తెచ్చుకొన్న మూలధనము ధనము గాదు, పనితనము. పిమ్మట కుమారులు నరేంద్ర, మహేంద్రగార లా పనిలో ప్రవేశించిరి. కాగితముపై అచ్చు వేయుటతో మొదలైన సంస్థ అట్టపై అచ్చు వేసి, కోసి, మడచి, పెట్టెలుగా మార్చు సంస్థగా పెరిగినది. నేడు మూడవ తరము వారును అందున్నారు. పుస్తకముల యచ్చునుండి పెట్టెల పనికి మరలుట సులభమని తలపకుడు. పుస్తకమున అక్షరము కొంచెము వంకరయైన పాఠకుడు క్షమించును. పెట్టెలో మడత గీత వెండ్రుకవాసి జరిగినచో, కర్మాగారమున నిమిషమునకు వందల కొలది పెట్టెలు నింపు యంత్రమే నిలిచిపోవును. అట్టలో నారు ఏ దిక్కున పరచియున్నదో చూడక డై కొట్టినవాని పెట్టె మడతకడ పగులును. ఈ సంగతి మీకు నాకంటె బాగుగ తెలియును.

మందుల పెట్టెల పని మరింత కఠినము. హైదరాబాదు మందుల నగరమైనది గనుక ఆ పని మీలో అనేకులకు వచ్చుచునేయున్నది. ఒక మందు పెట్టెల కట్టలో మరియొక మందు పెట్టె యొక్కటి కలిసినను ప్రాణాపాయము. 2023 ఆగస్టు 1 నుండి ప్రసిద్ధములైన 300 మందుల పేర్లకు పెట్టెపైనో చీటీపైనో క్యూఆర్ కోడ్ ముద్రింపవలెనని కేంద్రప్రభుత్వము విధించినది. ఒక చీకటి గదిలో, పాత పంచింగు యంత్రముపై, లెక్క చూచువాడు లేక సాగు పని దీనికి చాలదు. పనివారికి వెలుతురును, గాలియును, ఒక పని ముగిసిన పిమ్మట బల్ల నంతయు శుభ్రము చేసిన గాని మరియొక పని మొదలు పెట్టరాదను కట్టుబాటును కావలెను. ఈ కట్టుబాటున్న చిన్నవాడు పెద్దవానికి తీసిపోడు.

నేనెరిగిన కుటుంబ మొకటి కలదు. పేరు చెప్పను. ముగ్గురన్నదమ్ములు, ఒక పేస్టింగు యంత్రము, రెండు పంచింగు యంత్రములు. పని పుష్కలము. ఇంటి పెండ్లి ఖర్చు కర్మాగారపు గల్లాపెట్టెనుండి పోయెను. అట్ట వ్యాపారి బాకీ ఇంటి నగలనుండి తీరెను. ఎవరు ఎంత తీసినది ఎవరికిని తెలియదు. తండ్రిగారు పోయిన యేడాదికే యంత్రములు పంచుకొనిరి. పేస్టింగు లేని పంచింగు ఎందులకు? పంచింగు లేని పేస్టింగు ఎందులకు? మూడు భాగములును పాత ఇనుము ధరకే పోయినవి. వారిలో నొక్కడును చెడ్డవాడు గాడు. నెలకింత జీతమని వ్రాసికొని, మిగిలినది కర్మాగారపు సొమ్మని యొప్పుకొనియుండిన ఆ యంత్రములు నేటికిని తిరుగుచుండెడివి. పెద్ద సంస్థలు దొడ్డ బుద్ధులచేత పెరిగినవని మనము తలంతుము. పెక్కింట నీ చిన్న పద్దు వ్రాయుటచేతనే నిలిచినవి.

ఇప్పు డసలు చిక్కునకు వచ్చెదను. 2025 సెప్టెంబరు 22 నుండి అట్టపెట్టెలపై జీఎస్టీని నూటికి 12 నుండి 5కు దించిరి. అందరును సంతోషించితిరి. కాని పెట్టెకు కావలసిన క్రాఫ్టు కాగితముపై, అట్టపై 12 నుండి 18కి పెంచిరి. 100 రూపాయల కాగితము కొన్న 18 రూపాయలు పన్ను కట్టుదురు. దానితో చేసిన పెట్టెలు 140 రూపాయల కమ్మిన మీకు వచ్చు పన్ను 7 రూపాయలు. మిగిలిన 11 రూపాయలు సర్కారు వద్ద చిక్కినవి. అవి తిరిగి పొందుటకు చట్టమున మార్గ మున్నది. అడిగినవానికే వచ్చును, అదియు కొంత కాలమునకు. కొన్న యంత్రముపై కట్టిన పన్ను మాత్రమా మార్గమున రాదు. పెద్ద సంస్థ ఆ మధ్యకాలమును బ్యాంకు సొమ్ముతో దాటును. చిన్న కుటుంబము వడ్డీవ్యాపారి కడకు పోవును. పెట్టె ధర తగ్గింపుమని కొనుగోలుదారు పైనుండి పట్టుబట్టుచునే యుండును!

ఈ సమయముననే బాకీల వసూలు ప్రాణమగుచున్నది. 2006నాటి చిన్నపరిశ్రమల చట్టము ప్రకారము ఒప్పందమున్నను 45 దినములు మించి మీ సొమ్ము బిగబట్టరాదు. ఆ గడువు దాటి చెల్లించువానికి అంతవరకు ఆదాయపుపన్నులో ఆ ఖర్చును తగ్గించుకొను హక్కు లేదని 2023లో మరియొక నియమము చేసిరి. 2024 ఏప్రిలు నుండి అమలులోనికి వచ్చినది. ఉద్యం నమోదు లేనివాడు ఈ రక్షణ నడుగజాలడు. ఈ గదిలో నమోదు చేసికొననివా రెందరో చేతులెత్తుడని నేనడుగను, సిగ్గుపడుదురు. సభ ముగిసిన పిమ్మట వచ్చి నాతో చెప్పుడు.

బిల్లులు తెచ్చినవారు ముందు వరుసలోనికి రండు. గత మూడు నెలలలో కాగితముపై కట్టిన పన్నెంత, పెట్టెలపై వచ్చిన పన్నెంత, తిరిగి రావలసినదెంత, మొదట ఆ మూడంకెలును ఒక కాగితముపై వ్రాసికొందము.