పురపాలకపు టెన్నికలు – పౌరుల జాగరూకత

(బన్సీలాల్‌పేట పౌరుల సభయందు గావింపబడిన యుపన్యాసము)



మన పేటలోని మెట్లబావిని మీరందఱు నెఱుగుదురు. ఎన్నో యేండ్లు చెత్తతో పూడి, బావి యన్న సంగతియే జనులు మఱచిరి. పూడిక తీసి, మరమ్మతు గావించి, 2022 డిసెంబరులో దానిని మరల ప్రజలపరము చేసిరి. వోటు హక్కును నట్టిదే, కాపాడుకొననిచో పూడిపోవును.

బ్రిటిషు పాలనలో పన్ను చెల్లించు కలవారికే పురపాలక సంఘములందు వోటుండెడిది. స్వతంత్ర భారతమున వయోజనులందఱకు నా హక్కు లభించినది. అయినను 2020 డిసెంబరు 1వ తేదీన హైదరాబాదు మహానగర పాలక సంఘమునకు జరిగిన యెన్నికలో వోటు వేసినవారు నూటికి 47 మందియైన లేరు. నేరము వోటరులదే యనుట సులభము. పద్ధతులను గూడ విచారింపవలదా?

ఆ యెన్నిక ప్రకటన నవంబరు 17న వెలువడెను. మఱునాడే నామినేషనులు మొదలయ్యెను. రెండు వారములలో పోలింగు ముగిసెను. పాత మలక్‌పేట డివిజనులో బాలెట్ పత్రముపై ఒక పార్టీ గుర్తునకు బదులు వేఱొక పార్టీ గుర్తు ముద్రితమగుటచే, పోలింగు రద్దయి 3వ తేదీన మరల జరిగెను. లెక్కింపునకు ముందు రాత్రి, స్వస్తిక ముద్ర గాక వేఱు ముద్రయున్న బాలెట్లును చెల్లునని రాష్ట్ర యెన్నికల సంఘము ఉత్తర్వు చేసెను. మఱునాడు హైకోర్టు దానిని నిలిపివేసెను. నేరేడ్‌మెట్ ఫలితము 9వ తేదీ వఱకు తేలలేదు.

సిబ్బంది తప్పు ముద్ర చేతికిచ్చినచో వోటరు వోటేల పోవలెనను ప్రశ్న న్యాయమైనదే. కాని నియమమును వోట్లు పడిన పిదప దిద్దరాదు; ముద్రనే పోలింగునకు ముందు సరిచూడవలెను. నియమము ముందుగా నందఱకు తెలిసియుండుటయే ఓడినవానికిని గెలిచినవానికిని రక్ష.

ఇక మన వంతు. వార్డు పట్టిక, శాసనసభ వోటరుల పట్టికనుండియే తయారగును. అందు పేరు లేనివానికి ఇందును లేదు. కావున ఎన్నిక ప్రకటించిన పిదప పరుగులిడుట వ్యర్థము. క్రొత్తవారు 6వ నమూనా పత్రమును, ఇల్లు మారినవారు 8వ నమూనా పత్రమును ముందే దాఖలు చేయవలెను. ప్రతి వీధికి నిద్దఱు చదువరులు పట్టిక చేతబట్టి ఇంటింట సరిచూచినచో, ఒక్క ఆదివారములో ముగియు పని యిది.

అధికారులను మనము కోరునవి మూడు: పట్టికను పఠనాలయములందు ముందుగా నుంచుట, అభ్యంతరములకు తగిన గడువిచ్చుట, లెక్కింపు నియమములను పోలింగునకు ముందే ప్రకటించుట. మూడు లక్షల జనాభాకు మించిన నగరములలో వార్డు కమిటీ లుండవలెనని రాజ్యాంగపు 243-ఎస్ అధికరణము చెప్పుచున్నది. అవి పేరునకు గాక పనికి సమావేశమైన నాడు, మురుగు కాలువ మొదలు వోటరు పట్టిక వఱకు ప్రశ్నించుటకు మనకొక చోటు దొరకును.

స్వరాజ్యము ఢిల్లీలో మాత్రమే యుండునది కాదు. మన వీధి పట్టికలో మన పేరున్నచోటనే మొదలగును. ఈ ఆదివారమే పని యారంభింపుడని ప్రార్థించి విరమించుచున్నాము.