అడగాల్సింది గనుల గురించి



పట్టభద్రులారా, రేపటి నుంచి మీలో చాలామంది హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరతారు. ఎవరు ఎవరితో మాట్లాడారో, ఏ రాత్రి ఎక్కడున్నారో మీ సర్వర్లకు తెలుస్తుంది. నాయకుల సంగతులూ తెలుస్తాయి. అందుకే ఒక పాత సంగతి చెబుతాను.

2009 డిసెంబరు 25న ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానెల్ రాజ్‌భవన్‌లోనివంటూ కొన్ని పడకగది దృశ్యాలు ప్రసారం చేసింది. ఆంధ్రప్రదేశ్ గవర్నర్ నారాయణ్‌దత్ తివారీకి అప్పుడు 84 ఏళ్లు. ఆ దృశ్యాల్లో ఉన్నది తానేనన్న ఆరోపణ అబద్ధమని ఆయన అన్నారు. హైకోర్టు ప్రసారం ఆపమంది. మర్నాడే ఆరోగ్యం బాగాలేదంటూ ఆయన రాజీనామా చేశారు.

ఊరంతా ఆ దృశ్యాల గురించే మాట్లాడుకుంది. అదే కథనంలో ఇంకో ఆరోపణ ఉంది: గనుల లీజు ఇప్పిస్తారన్న ఆశతో స్త్రీలను పంపారని. నా దృష్టిలో అసలు వార్త అదే. పదవితో బేరం జరిగిందా? ఆ స్త్రీలు ఇష్టపడి వచ్చారా, గతిలేక వచ్చారా? ఇవి అడగాల్సిన మనం ముసలాయన మంచం చూస్తూ కూర్చున్నాం. నీతులు చెప్పే నాయకుడిది కపటమైతే, చూసి నవ్వుకున్న మనది కూడా కపటమే.

ఇదే తివారీ గుట్టు ఇంకొకటి మరో దారిలో బయటపడింది. తివారీయే తన తండ్రి అని ఒక యువకుడు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాడు. 2012లో డీఎన్ఏ పరీక్ష అతని మాటే నిజమని తేల్చింది. అక్కడ రహస్య కెమెరా లేదు. అన్యాయం జరిగిన మనిషి తన పేరుతో, న్యాయస్థానంలో నిలబడి అడిగాడు. గుట్టు అలా బయటికి రావడాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. పదవి, ప్రజాధనం, మరో మనిషి హక్కు, ఈ మూడింటిలో దేనికీ హాని జరగనప్పుడు నాయకుడి ఇంటి తలుపు తట్టే అధికారం మనకు లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మంత్రికీ ఉంది, ఆయన భార్యాపిల్లలకూ ఉంది.

ఆ హక్కును తొక్కేశారన్న ఆరోపణతో 2024 మార్చిలో మన నగరంలోనే ఫోన్ ట్యాపింగ్ కేసు బయటపడింది. ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విన్నారనీ, ఆనవాళ్లు దొరక్కుండా హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారనీ అభియోగం. నిజానిజాలు కోర్టు తేల్చాలి. కానీ అలాంటి నిఘా యంత్రాన్ని నడపడానికి మీలాంటి చదువుకున్నవారే కావాలి.

రేపు ఎవరో వచ్చి ఒక నాయకుడి కాల్ లిస్టు అడుగుతారు. ఆ నాయకుడు మీకు గిట్టనివాడే కావచ్చు. ఇవ్వకండి. లంచం కనబడితే మాత్రం దాచకండి, మీ పేరుతో ఫిర్యాదు చేయండి.