కాలేయపు క్యాన్సరుకు పసరు చాలునా?
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మన నర్సీపట్నంలో కామెర్లు అనగానే గుర్తొచ్చేది నేల ఉసిరి పసరు. పసుపు సరేసరి, మన పైనున్న చింతపల్లి కొండల్లో పండేదే. కాలేయపు క్యాన్సరుకు కూడా ఇవి పనిచేస్తాయా అని మమ్మల్ని అడుగుతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఈ క్యాన్సరుకు ఒక ముఖ్య కారణం హెపటైటిస్ బి వైరస్. 1988లో మద్రాసు పరిశోధకులు ఆ వైరస్ ఉన్న 37 మందికి నేల ఉసిరి 30 రోజులు ఇస్తే, 22 మంది రక్తంలో దాని జాడ పోయిందని ప్రకటించారు. ఎందరో ఆశపడ్డారు. కాని తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. పసుపులోని కర్కుమిన్ ప్రయోగశాలలో క్యాన్సరు కణాలను అణచింది. మనం తింటే మాత్రం రక్తంలోకి చేరేది బహు స్వల్పం. పైగా పసుపు మాత్రలు వాడి కాలేయం చెడినవారూ ఉన్నారు.

కూరలో పసుపు మానమని మేము అనడం లేదు. పసరు తాగుతూ నెలలు గడపవద్దంటున్నాం. కణితి చిన్నదిగా ఉండగా వెళితేనే ఆపరేషనుకు వీలుంటుంది. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఏ ఆకు, ఏ చూర్ణం వాడుతున్నా డాక్టరు దగ్గర దాచకండి.

రాకుండా చూసుకోవడం మరీ మేలు. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బి టీకాను చౌకగా తెచ్చింది. నేడు సర్కారు ఆసుపత్రిలో పిల్లలకు ఉచితం. బిడ్డ పుట్టిన 24 గంటల్లో మొదటి డోసు వేయించండి. అమ్మలకూ నానమ్మలకూ మా మనవి ఇదే.