మా గుండె ఆగినప్పుడు మా మాట ఎవరు వినాలి?

(ఆసుపత్రి సిబ్బంది తరఫున ప్రతినిధుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వే ఆసుపత్రులలో పనిచేసే నర్సులు, డ్రెస్సర్లు, ఫార్మసిస్టులు, వార్డు సహాయకుల తరఫున మాట్లాడుతున్నాము. మా వంతు వచ్చినప్పుడల్లా ఖాళీల భర్తీ గురించి, రాత్రి డ్యూటీల గురించి, కురుస్తున్న క్వార్టర్ల గురించి విన్నవించుకుంటూ వచ్చాము. అవి తీరలేదు గనుక మరల విన్నవించుకుంటాము. కాని ఈ పూట మాకు కేటాయించిన సమయాన్ని మరొక విషయానికి వినియోగించదలచాము. ఇది జీతభత్యాలకు సంబంధించినది కాదు. మా కోర్కెల పత్రాలలో ఇంతవరకు చోటుచేసుకోలేదు. ఆసుపత్రిలో పనిచేసే మనిషి తన పనిచోటనే కుప్పకూలినప్పుడు, తన దేహం విషయమై ఆ మనిషి ముందుగా చెప్పుకున్న మాటకు విలువ వున్నదా, లేదా అన్నదే ఆ విషయం.

ముందుగా జరిగిన సంగతి చెబుతాము. ఊరు చెప్పము, ఆసుపత్రి పేరు చెప్పము.

2019లో మాతో పనిచేస్తున్న ఒక సీనియర్ నర్సుకు రొమ్ము క్యాన్సర్ కాలేయానికి పాకింది. ఇక నయం కాదని ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్లు వార్డులలో గడిపిన మనిషికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. మేమంతా ఆమెను అక్కా అని పిలిచేవాళ్లం. తేలిక డ్యూటీ వేయించుకుని, ఔట్‌పేషెంట్ విభాగంలో కూర్చుని పనిచేస్తుండేది. ఒకనాడు మధ్యాహ్నం డ్యూటీ రూములో టీ తాగుతూ మాతో అన్నది: “నా గుండె ఆగినరోజున మీరెవరూ నా మీద పడి నొక్కకండమ్మా. ఆ గొట్టం నా గొంతులో వేయనివ్వకండి. ఎంతమందికి చేశానో నాకు తెలుసు, నన్ను అట్లాగే పోనివ్వండి.” మేము “అవేం మాటలక్కా” అని మందలించి, మాట మార్చాము. ఆమె ఆ మాట అన్నది ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు అన్నది.

రెండు నెలల తరువాత ఆమె ఔట్‌పేషెంట్ వరండాలోనే పడిపోయింది. నాడి అందలేదు. అప్పుడు మేము చేసిన పని ఏమిటంటే, ఏ వరండాలో ఎవరు పడిపోయినా చేసే పనే. ఎమర్జెన్సీ ట్రాలీ లాక్కుని వచ్చాము. ఒకరి తరువాత ఒకరం రొమ్ము నొక్కాము. చేతి కింద పక్కటెముకలు విరగడం తెలిసింది. ముప్పై అయిదు నిమిషాలకు గుండె మరల కొట్టుకున్నది. మనిషి మాత్రం తిరిగి రాలేదు. పదకొండు రోజులు వెంటిలేటర్ మీద వుండి, మా చేతుల మీదనే పోయింది. భర్త చేయవలసినదంతా చేయమన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకు ఆమె చెప్పలేదు. మాకు చెప్పింది. పన్నెండోనాడు పలకరించడానికి వెళ్ళినప్పుడు కూతురు అడిగింది: “మా అమ్మ మీకు ఏమీ చెప్పలేదా పిన్నీ?” మేము జవాబు చెప్పలేకపోయాము.

సోదరులారా, ఇందులో మమ్మల్ని బాధించేది వరండాలో చేసిన పని కాదు. తెలియని క్షణంలో మొదలుపెట్టడమే సరియైనది, దానికి మేము తలవంచుకోము. తరువాతి పదకొండు రోజుల మౌనమే మమ్మల్ని బాధిస్తున్నది. ఆమె మాట విన్నవాళ్లం అయిదుగురం వున్నాము. ఒక్కరం కూడా కేస్ షీటు చూస్తున్న డాక్టరుగారి దగ్గరకు వెళ్లి ఈ సంగతి చెప్పలేదు. కాగితం లేని మాటకు సాక్ష్యం చెప్పితే ఏమి ముంచుకువస్తుందోనని భయపడ్డాము.

ఆమె కాగితం ఎందుకు వ్రాయలేదు? ఇది మనందరికీ సంబంధించిన ప్రశ్న. ఆమెకు ఇంకా నాలుగేళ్ల సర్వీసు వున్నది. “వ్రాసిస్తే ఇది చావుకు సిద్ధమైన మనిషి అని మెడికల్ బోర్డుకు పంపుతారు, డ్యూటీలో వుండనివ్వరు” అన్నది. ఎ-1 నుండి సి-2 వరకు వైద్య తరగతుల మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ ఉద్యోగం చేసే రైల్వే కార్మికునికి ఈ భయం వివరించనక్కరలేదు. సర్వీసులో వుండగా వైకల్యం కలిగినంతమాత్రాన ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతున్నది. చట్టం చెప్పినంత మాత్రాన భయం పోదు.

ఈ పునరుజ్జీవన ప్రయత్నం, అనగా సి.పి.ఆర్., ఏమిటో సినిమాలలో చూసినవారికి ఒక విధంగా తెలుసు, మాకు మరొక విధంగా తెలుసు. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో కౌవెన్‌హోవెన్, మరి ఇద్దరు సహచరులు దీనిని లోకానికి వెల్లడించారు. కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాడు, విద్యుత్ ఇంజనీరు. మన ఎలక్ట్రికల్ శాఖ సోదరులు గర్వించవచ్చును. రొమ్ము ఎముక 5 సెంటీమీటర్లకు తగ్గకుండా దిగేటట్లు, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కాలి. హఠాత్తుగా గుండెపోటు వచ్చిన మనిషికి, కరెంటు షాకు తగిలిన లైన్‌మన్‌కు, నీట మునిగిన పిల్లవానికి అది ప్రాణదానమే. మీలో ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలని ఈ వేదిక మీదనుండే కోరుతున్నాము. కాని దేహమంతా జబ్బు పాకి, చివరి దశకు చేరిన మనిషిలో ఆగిన గుండెను మరల కొట్టించినా ఆ జబ్బు అక్కడే వుంటుంది. ఆ తేడా ఎరిగినవారు గనుకనే ఆసుపత్రి సిబ్బంది తమ సంగతి తాము ముందుగా చెప్పుకుంటారు. వాళ్లది నిరాశ కాదు, వృత్తి జ్ఞానం.

ఈ దేశంలో ఒక నర్సు పడిన యాతన వల్ల కూడా ఈ ప్రశ్న న్యాయస్థానానికి వెళ్ళింది. 1973 నవంబరు 27న బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో అరుణా శాన్‌బాగ్ అనే పాతికేళ్ల నర్సు మీద అదే ఆసుపత్రిలో పనిచేసేవాడు లైంగిక దాడి చేసి, కుక్క గొలుసుతో మెడ బిగించాడు. మెదడుకు ప్రాణవాయువు అందక ఆమె అచేతనురాలైంది. పనిచోట భద్రత కోసం ఆనాడు నర్సులు సమ్మె చేశారు. తరువాత కార్పొరేషన్ మంచం ఖాళీ చేయించడానికి ఆమెను వేరేచోటికి తరలించబోతే అదే నర్సులు అడ్డు నిలిచి ఆపించారు. తరం తరువాత తరం ఆమెకు తినిపించారు, కడిగారు, ఒక్క పడకపుండు కూడా రానివ్వలేదు. కార్మిక సౌభ్రాత్రానికి ఇంతకన్న గొప్ప ఉదాహరణ మాకు తెలియదు. ఆమెకు ఆహారం ఆపి, ప్రశాంతంగా పోనివ్వాలని రచయిత్రి పింకీ విరానీ వేసిన పిటిషన్‌ను 2011 మార్చి 7న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆమె తరఫున మాట్లాడే అర్హత కె.ఇ.ఎం. సిబ్బందికే వున్నదని చెప్పింది. అదే తీర్పులో, హైకోర్టు అనుమతితో కొన్ని సందర్భాలలో ప్రాణాధార చికిత్స ఉపసంహరించవచ్చునని కూడా చెప్పింది. 2015 మే 18న, నలభై ఒక్క సంవత్సరాలకు పైగా ఆ స్థితిలో వుండి, న్యుమోనియాతో ఆమె మరణించింది.

ఆ నర్సులకు మేము నమస్కరిస్తున్నాము. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఆ కేసులో ఆసుపత్రి ఏమనుకున్నదో తెలిసింది, రచయిత్రి ఏమనుకున్నదో తెలిసింది, న్యాయమూర్తులు ఏమనుకున్నారో తెలిసింది. అరుణ ఏమి కోరుకునేదో ఎవరికీ తెలియదు. పాతికేళ్ల పిల్లను ఆ మాట ఎవరు అడుగుతారు? మా అక్క సంగతి అట్లా కాదు. ఆమె చెప్పింది, మేము విన్నాము.

ఇప్పుడు చట్టం ఎక్కడ వున్నదో చెబుతాము. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా మరణించడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని, వయోజనులు ముందస్తు వైద్య ఆదేశపత్రం వ్రాసుకోవచ్చునని తీర్పు చెప్పింది. అయితే దానిపై మేజిస్ట్రేటు సంతకం కావాలన్నది. ఎంతమంది వార్డు సహాయకులు కోర్టు మెట్లెక్కి మేజిస్ట్రేటు ముందు నిలబడగలరు? హక్కు ఇచ్చి తాళంచెవి ఇవ్వనట్లయింది. 2023 జనవరి 24న అదే కోర్టు ఆ షరతును సడలించింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలునన్నది. సర్టిఫికెట్ నకళ్ల కోసం గెజిటెడ్ అధికారుల గదుల ముందు మనమంతా పడిగాపులు పడినవాళ్లమే. ఆ సంతకానికి ఇంతకాలానికి ఒక మంచి ఉపయోగం దొరికింది.

ఆ పత్రంలో, తనకు మాట్లాడే శక్తి పోయినప్పుడు తన తరఫున మాట్లాడవలసిన బంధువుల పేర్లో, సంరక్షకుల పేర్లో ఒకటికి మించి వ్రాసుకోవచ్చును. మనసు మారితే ఎప్పుడైనా లిఖితపూర్వకంగా రద్దు చేసుకోవచ్చును. మనం ఉద్యోగంలో చేరగానే ప్రావిడెంట్ ఫండుకు నామినేషన్ వ్రాస్తాము. పోస్టాఫీసు పొదుపు ఖాతాకు నామినేషన్ వ్రాయమని తపాలా సోదరులు కౌంటరు దగ్గర అందరికీ చెబుతారు. మనం పోయిన తరువాత డబ్బు ఎవరికి చేరాలో ఇంత శ్రద్ధగా వ్రాసే మనం, పోయేముందు మన దేహం గురించి ఎవరు మాట్లాడాలో వ్రాయము.

ఇక్కడ అపార్థానికి తావివ్వరాదు. ఆ పత్రం మెడలో వేసుకు తిరిగే బిళ్ల కాదు. జబ్బు నయంకాని దశకు చేరి, మనిషి నిర్ణయం చెప్పలేని స్థితిలో పడినప్పుడే అది అమలులోకి వస్తుంది. చికిత్స చేసే వైద్యునితోపాటు, అయిదేళ్లకు తగ్గని అనుభవం గల ఇద్దరు నిపుణులతో ఒక బోర్డు చూడాలి. తరువాత, జిల్లా ప్రధాన వైద్యాధికారి నియమించిన వైద్యుడు వుండే రెండవ బోర్డు చూడాలి. ఒక్కొక్క బోర్డు సాధ్యమైనంతవరకు 48 గంటలలో అభిప్రాయం చెప్పాలి. అమలుకు ముందు మేజిస్ట్రేటుకు తెలియపరచాలి. కనుక వరండాలో పడిపోయిన సహోద్యోగినికి ఏ జబ్బు వున్నదో తెలియనప్పుడు నొక్కడమే మన విధి. జబ్బు ముదిరి చికిత్సలో వున్న మనిషికైతే మరొక మార్గం కూడా వున్నది. పునరుజ్జీవన ప్రయత్నం చేయరాదనే నిర్ణయం గురించి 2020లో భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు ప్రకటించింది. చికిత్స చేసే వైద్యుడు రోగితో మాట్లాడి, ఆ నిర్ణయాన్ని ముందుగానే వ్రాతలో పెట్టవచ్చును. అది గుండె ఆగినప్పుడు చేసే ప్రయత్నానికి మాత్రమే వర్తిస్తుంది. నొప్పికి మందు, జ్వరానికి మందు, కడుపుకు తిండి, పక్కన మనిషి, ఇవేవీ ఆగవు. మా అక్కకు జబ్బు తిరగబెట్టిననాడే ఎవరైనా ఈ సంభాషణ జరిపి వుంటే ఆ పదకొండు రోజులు వుండేవి కావు. 2020కి ముందు కూడా మాట్లాడడానికి ఎవరూ అడ్డుపడలేదు, మేమే మాట్లాడలేదు.

ఇది మన వర్గానికి తగిన చర్చ కాదని నిన్న రాత్రి కొందరు మిత్రులు మాతో వాదించారు. 2021లో ఆక్సిజన్ లేక మనవాళ్లు ఆసుపత్రి గుమ్మాల ముందు ప్రాణాలు విడిచారు. మంచాల కోసం, వెంటిలేటర్ల కోసం పోరాడవలసిన సంఘం వద్దనే హక్కు గురించి మాట్లాడడమేమిటని వారి ప్రశ్న. ఆ ప్రశ్నను మేము తేలికగా తీసుకోము. ఆ రోజులలో మా వార్డులలో మాతో పనిచేసినవారినే మేము రోగులుగా చేర్చుకున్నాము. వారిలో చాలామంది “నన్ను వదిలిపెట్టకండి, చివరిదాకా చూడండి” అన్నారు. అది కూడా కోరికే. దానిని కూడా అంతే గౌరవించాలి. వద్దన్న మనిషి కాగితం చూపి, కావాలన్న మనిషికి ఖర్చు మిగుల్చుకోవాలని ఏ యాజమాన్యమైనా తలపోస్తే ముందుగా ఎదిరించేది మేమే. అట్లాగే, కుటుంబం చూస్తున్నది గనుక చూపుకోసం నాలుగుసార్లు నెమ్మదిగా నొక్కి ముగించే అలవాటు కొన్నిచోట్ల వున్నదని వృత్తిలో వున్నవారికందరికీ తెలుసు. ఆ నటనను మా చేత చేయించవద్దు.

కనుక ఈ మహాసభ ముందు మా కోర్కె ఇది. ఆసుపత్రి సిబ్బంది ఎవరైనా ఇటువంటి పత్రం వ్రాసుకుంటే అది పూర్తిగా వారి ఇష్టం మీదనే జరగాలి. అది సర్వీసు రికార్డులోకి పోరాదు. వైద్య తరగతి నిర్ణయించే బోర్డు కంట పడరాదు. పదోన్నతికి, డ్యూటీ కేటాయింపుకు దానితో సంబంధం వుండరాదు. రైల్వే ఆసుపత్రి చిన్న ఊరివంటిది, ఉదయం ఎక్స్‌రే గదిలో అన్నమాట మధ్యాహ్నానికి క్యాంటీనులో వినిపిస్తుంది. అందుచేత ఆ పత్రం చికిత్స చేసే వైద్యుని వద్ద, ఎంచుకున్న బంధువుల వద్ద వుండాలేగాని గుమాస్తాల బల్లల మీద కాదు. అయితే అవసరం పడిన రాత్రి అది దొరకాలి. చిరునామా లేని జాబు ఎంత చక్కగా వ్రాసినా చేరదని తపాలా సోదరులకు మేము చెప్పాలా? తెలియక ప్రయత్నం మొదలుపెట్టిన నర్సుకు గాని, వ్రాతపూర్వక నిర్ణయాన్ని చూసి ఆగిన నర్సుకు గాని ఛార్జిషీటు ఇవ్వరాదు. ఈ చివరి హామీ లేనిదే మిగిలినవన్నీ కాగితం మీదనే వుంటాయి. ఎందుకంటే 2019లో మమ్మల్ని మౌనంగా వుంచినది ఈ భయమే.

2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం సుప్రీంకోర్టు తీర్పు అమలుకు ఉత్తర్వు ఇచ్చింది. రైల్వే ఆసుపత్రులన్నిటికీ ఒకే ఉత్తర్వు రావాలంటే అది పై స్థాయి నుండి రావాలి. ఆ ఉత్తర్వు ముసాయిదా తయారు చేసేటప్పుడు నర్సుల ప్రతినిధిని కూర్చోబెట్టాలని ఫెడరేషన్ వ్రాయవలసిందిగా మా తీర్మానంలో కోరాము.

ముందస్తు ఆదేశపత్రం తెలుగు నమూనా ప్రతులు ద్వారం దగ్గర బల్ల మీద పెట్టాము. దయచేసి ఎవరూ ఇక్కడ సంతకాలు చేయవద్దు. ఇంటికి తీసుకుపోండి. భార్యతోనో, భర్తతోనో, ఎదిగిన పిల్లలతోనో కూర్చుని చదవండి. మా అక్క కూతురు తన ప్రతిని నిరుడే నింపుకున్నది. తన తరఫున మాట్లాడవలసినవారిలో మాలో ఒకరి పేరు వ్రాసింది.